కొబ్బరికాయ కరాటే

నాకు బ్లాక్ బెల్టు ఉంది. ఈ సంగతి మొదటే చెప్పి పెట్టుకోవడం మంచిది. కథ మధ్యలో ఎవరికైనా నన్ను అడ్డుప్రశ్న వేయాలనిపిస్తే కాస్త వెనకాముందు చూసుకుని వేస్తారు. డెబ్బై దాటి, మోకాళ్లు రెండూ అరిగి, గోడ పట్టుకుంటే తప్ప మంచం దిగలేని వయసులో కరాటేలో బ్లాక్ బెల్టు సంపాదించినవాడు మోత్కూరు చుట్టుపక్కల నేను తప్ప ఇంకొకడు లేడు.

మా ఊరు బండకిందిపల్లి. భువనగిరి బండ ముందు మా బండ చిన్నదే. అయినా దీని మీద కోట కట్టకపోవడానికి కారణం బండ చిన్నదని కాదు, కింద మా ఊరివాళ్లతో వేగలేమని రాజులు భయపడ్డారని మా తాత చెప్పేవాడు. మా తాత అబద్ధమాడగా నేను వినలేదు. నేను చెప్పేది కూడా ఆ తరహా నిజమే.

ఊరి నుంచి పెద్ద రోడ్డుకు పోయే దారిలో ఒక కల్వర్టు ఉంది. దాని పిట్టగోడ మీద పొద్దున, సాయంత్రం కొందరు యువకులు కూర్చుని దేశ భవిష్యత్తు గురించి ఆలోచిస్తుంటారు. భువనగిరి కాలేజీకి పోయే ఆడపిల్లలు బస్సు ఎక్కాలంటే ఆ దారినే నడవాలి. యువకులు ఆలోచనలో మునిగి ఉండటం వల్ల వాళ్ల బైకులు దారికి అడ్డంగా నిలబడటం, ఆడపిల్లల చున్నీలు వాళ్ల చేతులకు తగులుకోవడం తరచుగా జరుగుతోంది. ఈ ఆలోచనాపరులకు నాయకుడు రాకేష్. రాకేష్ మా సర్పంచ్ కొడుకు.

సర్పంచ్ అంటే సుగుణమ్మ. సీటు ఆడవాళ్లకు వచ్చింది కాబట్టి ఆమె గెలిచింది. ఆమె గెలిచింది కాబట్టి ఆమె భర్త మల్లికార్జున్ సర్పంచ్ కుర్చీలో కూర్చున్నాడు. పంచాయితీలన్నీ వాళ్ల ఇంటి అరుగు మీదే జరుగుతాయి. బయట ఆయన తీర్పు చెప్తాడు, లోపల ఆమె టీ పెడుతుంది. ఇందులో వింతేమీ లేదని మీకు తెలుసు. మీ ఊళ్లో కూడా టీ బాగానే ఉంటుంది.

ఒకరోజు రోడ్డు అవతలి వాడ నుంచి నాగులమ్మ అరుగు దగ్గరికి వచ్చింది. పత్తి చేన్లకు కూలికి పోయి బిడ్డ మెర్సీని డిగ్రీ చదివిస్తున్న మనిషి. ముందురోజు సాయంత్రం మెర్సీ చున్నీ లేకుండా ఇల్లు చేరింది. ఆ చున్నీ రాకేష్ బైకు హ్యాండిల్‌కు జెండాలాగా కట్టి ఉండగా ఊరంతా చూసింది.

"పటేలా, నా బిడ్డ చదువు ఇడిసిపెట్టి ఇంట్ల కూసోవాలె, లేకుంటె మీ పిలగాండ్లు గా కల్వర్టు మీదికెళ్లి లేవాలె. రెండిట్ల ఏదో ఒకటి నువ్వే జెప్పు," అంది నాగులమ్మ.

మల్లికార్జున్ చాలాసేపు ఆలోచించాడు. "యువత కూసునే జాగ అది. లేవమంటె యాడికి పోతరమ్మ వాళ్లు? జర అర్థం జేసుకో. మన ఆడపిల్లలకే ధైర్యం నేర్పిద్దం. కరాటే పెట్టిస్త. ఫికర్ జెయ్యకు."

ఈ విధంగా కన్నకొడుకును గోడ దిగమనడం కన్నా ఊళ్లో ఆడపిల్లలందరికీ యుద్ధవిద్య నేర్పించడం సులువని తేలింది. పెద్దమనుషులం అందరం చప్పట్లు కొట్టాం.

మర్నాటికల్లా ఫ్లెక్సీ లేచింది. 'బండకిందిపల్లి బాలికల ఆత్మరక్షణ కరాటే శిక్షణా శిబిరం.' అందులో పైవరసలో పెద్ద నాయకులు, మధ్యవరసలో చిన్న నాయకులు, కిందివరసలో ఫ్లెక్సీకి చందా ఇచ్చినవాళ్లు. నడుమ గాల్లోకి కాలెత్తి తంతున్న ఆడమనిషి బొమ్మ ఒకటి. ఆమె ఏ దేశపు మనిషో తెలియదు. మన ఊరి కార్యక్రమంలో పరాయి ముఖం ఎందుకని అభ్యంతరం రాగా ఆ ముఖం తీసేసి మల్లికార్జున్ ముఖం అతికించారు. మీసాలతో సహా ఆయన గాల్లో నిలబడి తన్నుతుంటే చూడటానికి నిండుగా ఉంది. శిబిరానికి యువ కన్వీనర్‌గా రాకేష్‌ను నియమించారు. ఆడపిల్లల సమస్య అతనికి తెలిసినంత దగ్గరగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు కాబట్టి ఆ పదవికి పోటీ లేకపోయింది.

భువనగిరి నుంచి వీరేశం మాస్టర్ వచ్చాడు. మాట తక్కువ మనిషి. 'రేపటి నుంచి పొద్దున ఆరింటికి మొదలు' అన్నాడు. పెద్దమనుషులం నవ్వుకున్నాం. కొబ్బరికాయ కొట్టకుండా మా ఊళ్లో బోరింగు నీళ్లు కూడా తాగరు. ముహూర్తం పెట్టించాం. గుట్ట మీది గుడి నుంచి లడ్డూలు తెప్పించాం. పంచాయతీ ఆఫీసు ముందర టెంటు, కుర్చీలు, మైకు. ఆడపిల్లల చేతికి తలా ఒక పూల పళ్లెం ఇచ్చి అతిథులకు స్వాగతం చెప్పడానికి రోడ్డు పొడుగునా నిలబెట్టాం. రోడ్డు అవతలి వాడ పిల్లకు పళ్లెం ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కాబట్టి ఆ రోజు ఊళ్లో చేతులు ఖాళీగా ఉన్న ఆడపిల్ల మెర్సీ ఒక్కతే.

పొద్దున ఆరింటికి రావాల్సిన అతిథులు పదకొండు దాటినా రాలేదు. ఇది ఆలస్యం కాదు, పద్ధతి. చెప్పిన వేళకు వచ్చే మనిషికి వేరే పని లేదని జనం అనుకుంటారు. నీడపట్టున కుర్చీ దొరకదని తెల్లవారకముందే వచ్చి కూర్చున్న నేను, టెంటు వెనక జరిగింది కళ్లారా చూశాను. మెర్సీ మాస్టర్ దగ్గరికి పోయింది.

"సార్, పెద్దసార్లు వచ్చెదాక మీరు ఖాళీయే గద. నాకొకటి నేర్పుండ్రి."

"ఏం గావాలె బిడ్డా?"

"చెయ్యి పట్టుకుంటె ఇడిపించుకునుడు."

"పట్టుకున్నోడు మళ్ల రాకుంట ఊకుంటడా?"

"ఊకోకుంటె ఏం జెయ్యాల్నో, గది గూడ."

మాస్టర్ లేచాడు. ఎక్కడ నిలబడాలో, మణికట్టు ఎటు తిప్పాలో, అడుగు ఎంత వెనక్కి వేయాలో చూపించాడు. ఒక విడిపించుకోవడం, ఒక తన్ను. అంతే. ఆ పిల్ల రెండో తన్ను అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"గిదొక్కటే. దినాం గదే జాగ, గదే యాళ్ల. ఒంట్ల బాగ లేనినాడు తన్నకు, కని గాడ నిలవడి రా. నిలవడుడు అలవాటైతే తన్నుడు దాని ఎంబడే వస్తది."

నాకు నవ్వొచ్చింది. నిలబడటం కూడా ఒక విద్యేనా అనుకున్నాను. కూర్చోవడంలో అప్పటికే నాకు మంచి పేరుంది.

మధ్యాహ్నానికి అతిథులు వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. కరాటేలో చేత్తో ఇటుకలు పగలగొడతారట, మా ఊళ్లో కొబ్బరికాయలు పగిలాయి. తర్వాత వీరేశం మాస్టర్ వాళ్ల పద్ధతి ప్రకారం వంగి వందనం చేశాడు. అది తమకే అనుకుని వేదిక మీది వాళ్లంతా చెయ్యెత్తి దీవించారు. ఉపన్యాసాలు సాగాయి. ఆడవాళ్లు అన్ని రంగాల్లో ముందుండాలని వేదిక మీది మగవాళ్లందరూ ముక్తకంఠంతో చెప్పారు. సుగుణమ్మ కనబడలేదు. ఇంట్లో యాభైమందికి వంట జరుగుతోంది. చీకటి పడింది, టెంటు విప్పారు, మొదటి రోజు సాధన దిగ్విజయంగా ముగిసింది.

రెండో రోజు ఉండాలి కదా అని మీరు అడుగుతారు. మాజీ సర్పంచ్ పోచయ్య ఒప్పుకోలేదు. ఆయన్ను పిలవకుండా కొట్టిన కొబ్బరికాయ చెల్లదని, తన వర్గంతో మళ్లీ ప్రారంభోత్సవం పెట్టాడు. ఆ తర్వాత పాల సంఘం వాళ్లు, ఆ తర్వాత యువజన సంఘం వాళ్లు. ప్రతిదానికీ టెంటు, పళ్లేలు, ఉపన్యాసాలు, శాలువాలు. చివరికి మా పెద్ద నాయకుడు తన చేతుల మీదుగా జరగనిది జరిగినట్టు కాదని కబురు పంపాడు. ఆయన పేరు రాయను. ఆయన ఎప్పుడూ గొప్పవాడే, పార్టీ మారినప్పుడల్లా ఇంకాస్త గొప్పవాడు. ఆయన వచ్చేదాకా అంతకుముందు మొదలైనవన్నీ మొదలు కానట్టేనని తీర్మానించాం. మా ఊళ్లో కరాటేకు ఎన్నో మొదటి రోజులు వచ్చాయి గానీ రెండో రోజు అనేది రాలేదు.

ఖాళీగా ఉన్నామని అనుకోవద్దు. ఈ లోగా నిబంధనలు తయారు చేశాం. ఆడపిల్లలు కాలు మోకాలి కన్నా పైకి ఎత్తరాదు. తన్నేటప్పుడు వేసే కేక పక్కింటికి వినబడరాదు. నేర్చుకున్న విద్యను ఊరివాళ్ల మీద, చుట్టాల మీద, వయసులో పెద్దవాళ్ల మీద, పార్టీ కార్యకర్తల మీద ప్రయోగించరాదు. మిగిలినవాళ్లు ఎవరైనా దాడికి వస్తే, వాళ్లు నిజంగా మిగిలినవాళ్లేనని ఇద్దరు పెద్దమనుషులతో నిర్ధారించుకున్నాక తన్నవచ్చు.

బెల్టుల దగ్గర కొంచెం పేచీ వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు తెల్ల బెల్టు ఇస్తారని మాస్టర్ చెప్పాడు. పోచయ్యకు కోపం వచ్చింది. "గడ్డం తెల్లవడ్డోనికి మళ్ల తెల్ల బెల్టేందయ్యా? మేమేమన్న నిన్న పుట్టినమా?" అన్నాడు. సబబుగానే తోచింది. వార్డు మెంబర్లకు గోధుమ రంగు, పెద్దమనుషులకు, కన్వీనర్‌కు నలుపు. పెద్ద నాయకుడికి అంతకన్నా పైది ఇవ్వాలి, నలుపు మీద ఇంకో రంగు లేదని మాస్టర్ చెప్పాడు. అందుకని నలుపుకు జరీ అంచు కుట్టించాం. గుడ్డ కొనాల్సిన పని పడలేదు. ఆ నాయకుడే వేరే పార్టీలో ఉన్న రోజుల్లో ఊరికి వస్తే నల్లజెండాలు చూపించడానికి తెచ్చిన గుడ్డ తాను ఒకటి పోచయ్య ఇంట్లో మిగిలి ఉంది.

మొదట్లో నేను చెప్పిన బ్లాక్ బెల్టు అదే. అలాంటిది ఊళ్లో ప్రతి అరుగు మీదా ఒకటి ఉంది. నాది మాత్రం కష్టార్జితం, ఒక్క ప్రారంభోత్సవంలో కూడా నడిమధ్యలో లేచి పోలేదు. ఇంటికి పోయి మా ఆవిడ బిక్షమ్మకు పంచె మీద కట్టుకుని చూపించాను. తిప్పి తిప్పి చూసింది. "కూసున్నందుకు గూడ బెల్టిస్తరా? గట్లయితె మన బర్రెకు ఎన్నడో రావాలె," అంది. ఒకసారి ఉతికేసరికి అది బూడిద రంగుకు తిరిగింది. ఇప్పుడు దాంతో దూడను కడుతోంది. దూడ తెంపుకుంది కూడా.

ఇంతకూ మెర్సీ సంగతి. ప్రతి ప్రారంభోత్సవానికీ అతిథులు ఆలస్యంగా వచ్చారు, ప్రతిసారీ ఆ పిల్ల చేతికి పళ్లెం రాలేదు. కాబట్టి ప్రతిసారీ మాస్టర్ దగ్గర ఆ ఒక్క తన్నే మళ్లీ దిద్దించుకుంది. మా నాయకుల ఆలస్యం వల్ల ఊరికి జరిగిన మేలు ఏదైనా ఉంటే ఇదొక్కటే. మిగతా రోజుల్లో వాళ్ల వాడ చర్చి వెనక జాగాలో ఊక నింపిన గోనెబస్తా వేలాడదీసి, తెల్లవారుజామునే దాన్ని తన్నేది. మొదట్లో ఆ చప్పుడు విని ఎవరో బట్టలు ఉతుకుతున్నారనుకున్నాను. ఒకరోజు అటు పోతే తల్లీకూతుళ్లు కనబడ్డారు.

"బస్త జూస్తె గట్లనే ఉన్నది, నీ కాలు జూస్తె బూరెలెక్క ఉబ్బింది. ఎవలు గెలుస్తున్రే?" అంటోంది నాగులమ్మ, పసుపు నూరుకుంటూ.

"బస్తనే గెలవనీయే అమ్మా. అది కల్వర్టు కాడికి రాదు గద."

నన్ను చూసి మెర్సీ నమస్తే పెట్టింది. "తాతా, నీది బ్లాక్ బెల్టంట గద. జర బస్త కదలకుంట పట్టుకుంటవా?" అంది. మోకాళ్ల నొప్పి గుర్తొచ్చి వచ్చేశాను.

పెద్ద నాయకుడి రాక ఖాయమైంది. పొద్దున వస్తాడన్నారు. అంటే సాయంత్రం వస్తాడని ఊరికి అర్థమైంది. కల్వర్టు దగ్గర స్వాగత ద్వారం కట్టారు. రాకేష్ జీన్సు ప్యాంటు మీద బ్లాక్ బెల్టు బిగించి, గజమాల పక్కన పెట్టుకుని, తన జాగాలోనే మిత్రబృందంతో కూర్చున్నాడు. నేనూ, మల్లికార్జున్, పోచయ్య ద్వారం కింద నిలబడి ఉన్నాం. సరిగ్గా అప్పుడు మెర్సీ భువనగిరిలో పరీక్ష రాసి, బస్సు దిగి, నడిచి వస్తోంది. ఆ వెనకే దూరంగా నాయకుడి కార్ల దుమ్ము.

"ఏందే, మస్తు నేర్చుకుంటున్నవంట," అన్నాడు రాకేష్ గోడ దిగి. "ఏదీ, కన్వీనర్ సాబ్‌కు జర సూపెట్టు." చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడువు," అంది మెర్సీ.

"ఇడువకుంటె?"

ఆ పిల్ల చర్చి వెనక ఎలా నిలబడేదో అలా నిలబడింది. మణికట్టు తిరిగింది, అడుగు వెనక్కి పడింది, కాలు లేచింది. మోకాలి కన్నా పైకి లేచింది కాబట్టి నిబంధనల ఉల్లంఘన జరిగిందని నేను అప్పుడే గమనించాను. రాకేష్ పిట్టగోడ మీదుగా పోయి కింద మురుగులో వెల్లకిలా పడ్డాడు. బెల్టు రంగు వదిలి నీళ్లు ఇంకాస్త నల్లబడ్డాయి.

సరిగ్గా అప్పుడే కారు ఆగింది. నాయకుడు అద్దం దించాడు.

"ఏందయ్యా ఇది?"

మల్లికార్జున్ మాకు ఊరికే నాయకుడు కాలేదు. "ప్రదర్శన సార్," అన్నాడు. "మీ స్వాగతానికని స్పెషల్‌గ పెట్టించిన."

నాయకుడు పొంగిపోయాడు. కారు దిగి అక్కడే మైకు అందుకున్నాడు. "తన్నడం ఎవరైనా తంతారు. కానీ ఒక ఆడబిడ్డ ధైర్యం కోసం తన దేహాన్ని ముందుకు తెచ్చి, తన్నించుకుని, ఇంత సహజంగా కిందపడిన ఈ యువకుడి త్యాగనిరతి మన జిల్లాకే గర్వకారణం," అన్నాడు. మురుగు కారుతున్న రాకేష్ భుజాల మీద శాలువా కప్పాడు. కొబ్బరికాయ కొట్టాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. మెర్సీ చున్నీ సర్దుకుని, పుస్తకాలు ఏరుకుని ఇంటికి పోయింది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు.

అడగడం మర్నాడు జరిగింది. అరుగు మీద బెల్టులు కట్టుకుని కూర్చున్నాం. కింద మెర్సీ, నాగులమ్మ నిలబడ్డారు. మాస్టర్ లేడు. అసలైన ప్రారంభోత్సవం కూడా అయిపోయింది కాబట్టి ఇక ఆయన అవసరం లేదని ముందురోజే పంపించేశాం.

"పెద్దసార్ కొబ్బరికాయ కొట్టకముందుకే నువ్వు విద్య ఎట్ల నేర్చుకుంటివి?" అన్నాడు మల్లికార్జున్. "షురూ గాని దాన్ని నువ్వు షురూ జేసుడేంది? నీకు కొబ్బరికాయ ఎవలు కొట్టిన్రు?"

"కొబ్బరికాయ ఎవలు కొట్టలే పటేలా," అంది మెర్సీ. "ఊక బస్త నేనే కొట్టుకున్న."

పోచయ్య సంతోషం దాచుకోలేక గొంతు సవరించుకున్నాడు. "ముందుగాల ఒకటి తేలాలె. నీ కొడుకు తన్నులు తిన్నడా, ప్రదర్శన ఇచ్చిండా? తన్నులు తింటె శాలువ వాపస్ ఇయ్యాలె. ప్రదర్శన అయితె ఈ పిల్ల మీద కేసే లేదు."

ఒకవైపు న్యాయం, ఒకవైపు శాలువా. మల్లికార్జున్ చెమట తుడుచుకుని మధ్యేమార్గం కనిపెట్టాడు. ఎవరి తప్పూ లేదు, కానీ ఊరు చల్లగా ఉండాలంటే మెర్సీ కొన్నాళ్లు ఆ తొవ్వన పోవద్దు. ఆ తొవ్వ తప్ప బస్సుకు ఇంకో తొవ్వ లేదు. నాగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మెర్సీ తలదించలేదు గానీ, నేర్చుకున్న విద్య అక్కడ పనికి రాలేదు. తన్నడానికి అరుగు మీద ఎవరూ చెయ్యి పట్టుకోలేదు కదా.

అప్పుడు సుగుణమ్మ టీ తెచ్చింది. పళ్లెం కింద పెట్టింది. మొగుడి ముందుకు పోయి నిలబడింది.

"లెవ్వు," అంది. "గది నా కుర్సి."

ఆయన లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. సుగుణమ్మ కూర్చుంది, చెంగు సర్దుకుంది.

"బంద్ జెయ్యాల్సింది తొవ్వ గాదు, గోడ. వాడు నా కొడుకే. రేపటి సంది గా కల్వర్టు మీద కనవడితె నేనే మోరిల పడదోస్త. మెర్సీ, నువ్వు కాలేజికి పో బిడ్డా. ఎవలన్న అడ్డమొస్తె సర్పంచ్ పొమ్మన్నదని జెప్పు. టీ సల్లగైతాంది, తాగుండ్రి."

మేం తాగాం. పంచాయితీ ముగిసింది.

కథ ఇక్కడ ఆపితే మీకూ నాకూ బాగుండేది. కానీ ఇంతదాకా రాసింది బిక్షమ్మకు చదివి వినిపిస్తే ఊరుకోలేదు. "గంత అబద్ధం రాస్తె కండ్లు పోతయ్. ఏది కల్పించినవో జెప్పు," అంది. చెప్తాను. మీసాల ముఖం ఫ్లెక్సీ నిజం. నల్లజెండాల బెల్టు నిజం. ఆ తన్ను నిజం, మురుగులో పడ్డవాడికి శాలువా నిజం. కల్పించింది ఒక్కటే. సుగుణమ్మ కుర్చీలో కూర్చోలేదు. టీ తెచ్చింది, ఇచ్చింది, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. శాలువా వాపస్ చేయాల్సి వస్తుందన్న భయానికి ఆ మధ్యేమార్గాన్ని తీర్పుగా ఖాయం చేయకుండానే పంచాయితీ లేచింది. తొవ్వ ఎవరూ మూయలేదు, గోడ ఎవరూ ఖాళీ చేయించలేదు. మెర్సీ ఆ తొవ్వనే కాలేజీకి పోతోంది. రాకేష్ అక్కడే కూర్చుంటున్నాడు, ఆమె వచ్చేటప్పుడు కాళ్లు లోపలికి ముడుచుకుంటాడు. మిగతా ఆడపిల్లలు ఆమె వచ్చేదాకా ఆగి, ఆమె వెనక నడుస్తారు.

ఇంత కథలో మీరు దేనికీ అడ్డు చెప్పలేదు. ఆడమనిషి ఒంటికి మీసాలు అతికిస్తే నమ్మారు, మురుగు మీద శాలువా కప్పితే నమ్మారు. సర్పంచ్ తన కుర్చీలో తను కూర్చుందనేసరికి మాత్రం 'ముసలాయన మరీ ఎక్కువ చెప్తున్నాడు' అనుకున్నారు. నాకు తెలుసు.

ఆ ఊక బస్తా చప్పుడు ఇప్పటికీ తెల్లవారకముందే వినబడుతుంది. నిద్ర చెడిపోతోందని పెద్దమనుషులం ఒక కమిటీ వేసుకున్నాం. దాని ప్రారంభోత్సవానికి మీరూ రావాలి. పొద్దున్నే అని చెప్పాం గానీ, మీరు సాయంత్రం వచ్చినా చాలు.